నాకేం కుళ్ళు కాదు గానీ

లోకంలో ఎవరు బాగా పాడినా బావకు ఒంట్లో బాగుండేది కాదు. రేడియోలో మంచి పాట వస్తే తలనొప్పి. పక్క హాల్లో చప్పట్లు వినిపిస్తే కడుపులో మంట. ఫలానావాళ్ళ రికార్డు వేలల్లో అమ్ముడుపోయిందని పేపర్లో పడితే రెండు రోజులు జ్వరం. ఇది ఊరికే అనే మాట కాదు, థర్మామీటరు పెట్టి చూసినవాళ్ళున్నారు. గొడుగు పాట అని ఒకటుంది, అది వచ్చిన వారం నూట రెండు దాటింది.

ఆయన మాత్రం చచ్చినా ఒప్పుకునేవాడు కాదు. "నాకేం కుళ్ళు కాదు గానీ" అని మొదలుపెట్టేవాడు. ఆ మాట చెవిన పడగానే ఇంట్లోవాళ్ళు కుర్చీలు వెతుక్కునేవాళ్ళు. తర్వాత వచ్చేది నిలబడి వినగలిగేంత చిన్నది కాదని వాళ్ళకు తెలుసు.

బావ అంటే బావమరిదికి బావ. కానీ ఊరందరికీ ఆ పిలుపే అలవాటైపోయింది. ఆయన 'నాలుగో అంతస్తు' అనే రాక్ బ్యాండులో గిటారు వాయిస్తూ పాడేవాడు. ఆయన భార్య, మనందరికీ అక్క, కీబోర్డు. ఆమె తమ్ముడు, అంటే ఈ కథలో మన బావమరిది, డ్రమ్ములు. బేస్ గిటారు ఒక లిఫ్టు మెకానిక్కుది. పగలు మాత్రం ఎవరి బతుకు వాళ్ళది. బావ చెవి మిషన్లు అమ్మే దుకాణంలో పనిచేసేవాడు. అక్క ఒక ఆఫీసులో టైపిస్టు. బావమరిదికి పరుపుల కార్ఖానాలో, కొత్త పరుపుల్ని కర్రతో బాది మెత్తదనం చూసే ఉద్యోగం.

"పగలంతా జనం చెవులు బాగుచేసి, సాయంత్రం వాటినే పాడుచేస్తారు మా ఆయన" అనేది అక్క.

లిఫ్టు మెకానిక్కు మాట్లాడే మాటలు రెండే. పాట నచ్చితే "పైకి" అనేవాడు. నచ్చకపోతే "కిందికి". ఇరవై రెండేళ్ళలో ఆయన నోట మూడో మాట విన్నవాళ్ళు లేరు. పెళ్ళిచూపుల్లో కూడా "పైకి" అనే ఒప్పుకున్నాడని చెప్పుకునేవాళ్ళు.

వాళ్ళ సాధన చెవి మిషన్ల దుకాణం ఉన్న భవనంలోనే, నాలుగో అంతస్తులో, ఖాళీ అట్టపెట్టెలు పడేసే గదిలో జరిగేది. వాళ్ళ ప్రదర్శనలకు వచ్చేవాళ్ళు పదిహేడు మంది. వాన కురిసినా పదిహేడే, ఎండ కాసినా పదిహేడే. ఒకసారి పద్దెనిమిదో మనిషి కనిపించేసరికి బావ పాట మధ్యలో ఆపి, "తమరెవరు?" అని మైకులో అడిగాడు.

"హాలుకు తాళం వేసేవాణ్ణి బాబూ. ఇంకా ఎంతసేపు?" అన్నాడాయన.

అలాగని వాళ్ళను తీసిపారేయడానికి లేదు. ఆ పదిహేడు మందిలో ముగ్గురు పత్రికల్లో సంగీతం గురించి రాసేవాళ్ళు. వాళ్ళలో పెద్దాయన ఒకరు, నాలుగో అంతస్తు గురించి రాయాలంటే కొత్త కలం కొనేవాడట. 'తుప్పు పట్టిన తాళం' అని వాళ్ళ పాట ఒకటుంది. పదకొండు నిమిషాలు. చివర అరనిమిషం పాటు ఎవరూ ఏమీ వాయించరు, గోడను చూస్తూ నిలబడతారు. పాట అయిందో లేదో తెలియక పదిహేడు మందీ చేతులు గాల్లో పెట్టుకుని కూర్చుంటారు. దాని గురించి పెద్దాయన "ఇది నిశ్శబ్దానికి ఎముకలు తొడిగిన సంగీతం" అని రాశాడు. అది చదివి జనం, "ఎముకలేమిటండీ, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళేది!" అని ఇంకో హాలుకు పోయారు.

ఆయన అంతకన్నా ఎక్కువగా మెచ్చుకున్నది బావమరిది కాలితో వాయించే పెద్ద డ్రమ్మును. "దెబ్బ పడుతుంది, మోత మోగదు. లోపలెక్కడో ఎవరికీ చెప్పుకోలేని బాధ మూలిగినట్టుంటుంది. ఈ నాదం ఎలా సాధించారో!" అని రాశాడు. ఎలా సాధించాడో బావమరిదికొక్కడికే తెలుసు. ఆ రహస్యం దగ్గరికి వస్తున్నాం.

బ్యాండు పెట్టిన కొత్తలో రెండో గిటారు వాయించే కుర్రవాడు ఒకడుండేవాడు. బేకరీలో పని. చొక్కా మీద ఎప్పుడూ పిండి. అందరూ బన్ను అనేవాళ్ళు. రెండేళ్ళు ఓపిక పట్టి ఒకనాడు నసుగుతూ వచ్చాడు.

"అన్నా, నాకు పాట మూడు నిమిషాల్లో అయిపోతే బాగుంటుందనిపిస్తుంది."

"మూడు నిమిషాల్లో గుడ్డు కూడా సరిగ్గా ఉడకదురా."

"ఉడికినంత వరకే తింటారన్నా జనం."

బన్ను వెళ్ళిపోయాడు. సొంత బ్యాండు పెట్టాడు. 'నా గొడుగెవరు పట్టుకుపోయారు' అని మూడు నిమిషాల పాట కట్టాడు. ఇక చూడండి, బస్సుల్లో అదే, బార్బరు షాపుల్లో అదే, అక్క ఆఫీసులో టైపు మిషన్లన్నీ అదే తాళంలో కొట్టుకోవడం. చివరికి బావ దుకాణానికే వచ్చి పడింది. ఆరేళ్ళుగా ఏమీ వినపడని ముసలాయన చెవికి బావ మిషను పెట్టి, మీట తిప్పి, "ఏమైనా వినిపిస్తోందాండీ?" అని అడిగాడు. వీధిలో ఏదో రేడియో మోగుతోంది. ముసలాయన కళ్ళనీళ్ళు పెట్టుకుని, "వినిపిస్తోంది నాయనా! గొడుగు పాట వినిపిస్తోంది!" అన్నాడు.

బావ మిషను వెంటనే ఊడదీశాడు. "ఇందులో ఏదో లోపం ఉన్నట్టుందండీ. ఇంకోటి చూద్దాం."

అప్పటి నుంచీ బావకు ఒక అలవాటు పట్టుకుంది. ఊళ్ళో బన్ను ఎక్కడ పాడినా టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళేవాడు. ఎవరూ గుర్తుపట్టకుండా మొహానికి మఫ్లరు చుట్టుకుని, మొదటి వరసలో కూర్చుని, చిన్న నోటుబుక్కులో ఏదో గీకుతుండేవాడు. ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే, "నాకేం కుళ్ళు కాదు గానీ" అని మొదలుపెట్టేవాడు. అక్క కుర్చీ లాక్కునేది. అయ్యాక ఆయన కాగితం తీసి ఉత్తరం రాసి, నీలం కవరు అంటించి, మర్నాడు బావమరిది చేతిలో పెట్టేవాడు. పోస్టుడబ్బా పరుపుల కార్ఖానా ఎదురుగానే ఉంది మరి.

"ఒరేయ్, ఇది బన్నుకు వెయ్యి. ఎవరు రాశారో తెలియకూడదు. కింద 'ఒక శ్రోత' అనే పెట్టాను."

మొదటి ఉత్తరం అందుకున్నప్పుడు బావమరిదికి భయం వేసింది. టీ కెటిల్ ఆవిరి మీద కవరు పట్టి, మెల్లిగా తెరిచి, ఒక వాక్యం చదివాడు. "నాకేం కుళ్ళు కాదు గానీ, నీ రెండో పాటలో గిటారు గాడిదలా ఓండ్ర పెడుతోంది." అంతే. నిప్పు ముట్టుకున్నట్టు మళ్ళీ అంటించేశాడు. ఇది గనక చేరితే బన్నుకు బావ చేతిరాత తెలియదా? ఇంకేమైనా ఉందా, జన్మలో మొహాలు చూసుకోరు.

పోస్టు చెయ్యడానికి చేతులు రాలేదు. చించెయ్యడానికీ రాలేదు, ఎంతైనా బావ రాసింది. పెద్ద డ్రమ్ము మోత తగ్గడానికి డ్రమ్ములు వాయించేవాళ్ళు లోపల పాత దిండో దుప్పటో కుక్కడం మామూలే. బావమరిది ఆ ఉత్తరాన్ని దిండు కింద తోశాడు. తర్వాతది దాని మీద. ఏడాది తిరిగేసరికి దిండు తీసెయ్యాల్సి వచ్చింది. ఇరవై ఏళ్ళకు డ్రమ్ము కడుపంతా నీలం కవర్లే. అదండీ, పెద్దాయన మెచ్చిన నాదం.

బావ మాత్రం ప్రతిసారీ బన్ను ప్రదర్శన నుంచి వచ్చి నిట్టూర్చేవాడు. "చెప్పినా వినడు. ఏం చేస్తాం." బావమరిది గబుక్కున నేల వైపు చూసేవాడు.

ఇలా ఉండగా అక్క ఒకరోజు సాధన మధ్యలో కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

"చూడండి, పగలంతా టైపు, సాయంత్రం ఇది. నా వేళ్ళవల్ల ఇక కావడం లేదు. బన్ను స్టేడియంలో పాడుతున్నాడట. నలభై వేల మంది. ముందు ఒక బ్యాండు వాయించాలట, ఎవరన్నది బన్నే ఎంచుకుంటాడట. అది మనకొస్తే చివరిదాకా వాయిద్దాం. రాకపోతే ఈ నెలతో దీనిమీద గుడ్డ కప్పేస్తాను."

"వాడి ముందు నేను చెయ్యి చాపాలా?" అని బావ లేచాడు. "నాకేం కుళ్ళు కాదు గానీ..."

"కిందికి" అన్నాడు లిఫ్టు మెకానిక్కు. బావ కూర్చున్నాడు.

బావమరిదికి నలభై ఎనిమిది. ఇరవై రెండేళ్ళుగా పదిహేడు మందికి వాయించాడు. వాళ్ళ పేర్లు, ఉద్యోగాలు, ఎవరు ఏ చరణం దగ్గర దగ్గుతారో కూడా తెలుసు. ఒక్కసారి, జన్మలో ఒకే ఒక్కసారి, లెక్కపెట్టలేనంత మంది ముందు ఆ డ్రమ్మును తన్నాలని ఆయనకు ఎప్పటి నుంచో ఉంది. మర్నాడు మధ్యాహ్నం భోజనం మానేసి బేకరీకి నడిచాడు. బన్ను ఎంత పెద్దవాడైనా బేకరీ వదల్లేదు, ఇప్పుడది ఆయనదే.

"బావ పంపించాడా?" అన్నాడు బన్ను, చేతుల పిండి దులుపుకుంటూ.

"లేదు. నేనే వచ్చాను."

"అదీ సంగతి." ఒక వేడి బన్ను చేతిలో పెట్టి, గల్లాపెట్టె వెనక తలుపు తీశాడు. తలుపు లోపలి వైపంతా పేపరు కత్తిరింపులు. అన్నీ నాలుగో అంతస్తు మీద వచ్చిన సమీక్షలే.

"చూడు. ఎముకలట, ఆత్మట, చెప్పుకోలేని బాధట. నా గురించి ఇరవై ఏళ్ళుగా ఏం రాశారో తెలుసా? 'హాలు నిండింది.' అంతే! నాకేం కుళ్ళు కాదు గానీ, ఒక్క ఎముకైనా నాకు తొడగలేదు వాళ్ళు."

బావమరిదికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేతిలో ఉన్న వేడి బన్ను కొరికాడు.

"అది పోనీ. అన్న సంగతి చెప్పు. నా ప్రతి ప్రదర్శనకూ వస్తాడు. మండు వేసవిలో మఫ్లరు కట్టుకుని మొదటి వరసలో ఉండేది ఆయనొక్కడే, నేను గుర్తుపట్టననుకుంటాడు. నేను పాడేదే ఆ మఫ్లరుకు. హాలంతా లేచి గంతులేస్తుంటే నేను ఆ మఫ్లరు కదులుతుందా లేదా అని చూస్తుంటాను. ఇరవై ఏళ్ళు! బాగుందని అనొద్దు. చెత్తగా ఉందిరా అని ఒక్క ఉత్తరం ముక్క రాయొచ్చుగా?"

బావమరిది గొంతులో బన్ను అడ్డం పడింది. బన్నే వీపు మీద నాలుగు చరిచాడు.

"నాకు స్టేడియంలో ఆ చోటు మీకివ్వాలనే ఉంది. వదిన కోసమైనా. కానీ నన్ను మనిషిగానే లెక్కచెయ్యని ఆయన్ని నా వేదిక ఎక్కించమంటావా? సరే, రేపు సాయంత్రం వస్తాను. ఆయన ఒక్క మాట అంటే చాలు."

మర్నాడు సాయంత్రం బన్ను నాలుగంతస్తులు ఎక్కి వచ్చాడు. లిఫ్టు పాడైంది. (లిఫ్టు మెకానిక్కు ఉన్న భవనంలో లిఫ్టు ఎందుకు పాడైందని అడక్కండి, ఆయన సాధనలో ఉన్నాడు.) అట్టపెట్టె మీద కూర్చుని తాళం పాట పదకొండు నిమిషాలూ విన్నాడు. చివరి అరనిమిషం అందరితోపాటు తనూ గోడను చూశాడు. పాట అయింది.

"అన్నా" అన్నాడు బన్ను.

బావ గిటారు తీగలు తుడుచుకుంటున్నాడు.

"అన్నా, నా పాటల గురించి నీకు చెప్పాలనిపించేది ఏమైనా ఉందా?"

"నేను చెప్పేదేముందిలే. వినేవాడికి కదా చెప్పడం" అన్నాడు బావ, తల ఎత్తకుండా.

బన్ను మొహం ముడుచుకుపోయింది. లేచాడు. "వస్తాను వదినా. ఆ చోటు ఇంకెవరికైనా ఇచ్చేస్తాను. ఏమీ అనుకోకు."

అక్క కీబోర్డు మీద గుడ్డ వెతకసాగింది. బన్ను తలుపు దాకా వెళ్ళాడు. బావమరిది డ్రమ్ము వైపు చూశాడు. లోపలున్నవి తిట్లే, సందేహం లేదు. కానీ తిట్టైనా చాలని ఆ మనిషి అడుగుతున్నాడు. డ్రమ్ము తోలు బిగించిన మరలు విప్పాలంటే పది నిమిషాలు పడుతుంది. అంతసేపు తన ధైర్యం ఆగదని బావమరిదికి తెలుసు. లేచి, ఇవతలికి వచ్చి, డ్రమ్మును ఒక్క తన్ను తన్నాడు. కాలు మోకాలి దాకా లోపలికి పోయింది.

భళ్ళుమని పగిలిన డ్రమ్ములోంచి నీలం కవర్లు గదంతా పారాయి.

"ఒరేయ్!" అని బావ అరిచాడు. "ఇవన్నీ పోస్టులో వెయ్యమన్నవి కదురా!"

"నీవి నీకే చేరాలి బన్నూ" అన్నాడు బావమరిది, ఒంటికాలి మీద ఊగుతూ. "చదువుకో. కానీ చదివాక నన్ను కొట్టు, బావను కొట్టకు."

బన్ను చేతికందిన కవరు చించాడు. పైకే చదివాడు. "నాకేం కుళ్ళు కాదు గానీ, నీ రెండో పాటలో గిటారు గాడిదలా ఓండ్ర పెడుతోంది."

బావమరిది కళ్ళు మూసుకున్నాడు.

"తప్పు నీది కాదు. నాలుగో తీగ పాతబడింది, మార్పించు. నీ వేళ్ళు మాత్రం అప్పటికన్నా బాగా తిరుగుతున్నాయి. ఇట్లు, ఒక శ్రోత."

బావమరిది ఒక కన్ను తెరిచాడు. బన్ను ఇంకో కవరు చించాడు. "నాకేం కుళ్ళు కాదు గానీ, ఇవాళ మూడో పాటలో దగ్గావు. పిండి దుమ్ము గొంతుకు మంచిది కాదు. పనిచేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకో. నీకు చెప్పేవాళ్ళెవరూ లేనట్టుంది."

తర్వాతది బాగా పాతది, కాగితం వెనక స్వరాలు రాసి ఉన్నాయి. "నాకేం కుళ్ళు కాదు గానీ, గొడుగు పాట చివర తేలిపోతోంది. వెనకనున్న వరస కలిపి చూడు. ఇది నా తాళం పాట కోసం దాచుకున్నది. నీ పాటకే ఎక్కువ నప్పుతోంది, వాడుకో. ఎవరిచ్చారని అడక్కు."

అక్క గుడ్డ కింద పడేసింది. "అందుకా! తాళం పాట చివర మమ్మల్ని అరనిమిషం గోడను చూస్తూ నిలబెట్టింది అందుకా! అక్కడుండాల్సిన వరస ఇచ్చేశారా?"

"ఇచ్చేసింది మళ్ళీ ఎలా వాడతానే?" అన్నాడు బావ. ఆయన అప్పటికే అందరికీ వీపు పెట్టేశాడు. "అయినా అవి నేను రాసినవని ఎవరన్నారు? ఎవడో శ్రోత."

"అన్నా, 'నాకేం కుళ్ళు కాదు గానీ' అని మొదలుపెట్టే శ్రోతలు ఊళ్ళో ఎంతమందున్నారు?"

"మరి చెప్పినా ఎందుకు వినలేదురా ఇన్నేళ్ళూ? ఆ నాలుగో తీగ!"

"నాకు చేరితే కదా!"

ఇద్దరూ ఒక్కసారే బావమరిది వైపు తిరిగారు. ఆయన కాలు ఇంకా డ్రమ్ములోనే ఉంది, పారిపోవడానికి కూడా వీల్లేదు.

"పైకి" అన్నాడు లిఫ్టు మెకానిక్కు. ఎవరినుద్దేశించి అన్నాడో తెలియదు గానీ కళ్ళు తుడుచుకున్నాడు.

ఉత్తరాలన్నీ బన్ను పిండి బస్తాలో నింపుకుని భుజాన వేసుకుపోయాడు. స్టేడియం నాలుగో అంతస్తుకు దక్కింది. బావమరిది నలభై వేల మంది ముందు డ్రమ్ము తన్నాడు. లెక్కపెట్టాలని చూసి, మూడో వరస దాటాక మానేసి, హాయిగా నవ్వుకుంటూ వాయించాడు. తాళం పాట నాలుగో నిమిషానికి జనం ఊసులాడుకోవడం మొదలుపెట్టారు, ఏడో నిమిషానికి వేరుశనగ కాయలు వలుచుకున్నారు. అయినా పదిహేడు మంది మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తర్వాత బన్ను గొడుగు పాట అందుకుని, చివరి వరస దగ్గర బావను చెయ్యి పట్టి వేదిక మీదికి లాగాడు. ఇరవై ఏళ్ళు దాచిన ఆ నాలుగు ముక్కలు ఇద్దరూ కలిసి పాడితే, స్టేడియం మొత్తం మళ్ళీ మళ్ళీ పాడించుకుంది.

మర్నాడు పెద్దాయన రాశాడు: "స్టేడియం నిండింది. నాలుగో అంతస్తు ఎప్పటిలాగే గొప్పగా వాయించింది. కానీ ఆ డ్రమ్ములోని బాధ ఏమైందో! దిండు కుక్కినట్టు వినిపించింది." కొత్త తోలు బిగించి, లోపల దిండే కుక్కారు మరి.

బావకు ఆరోజు తొంభై తొమ్మిది. జ్వరమంటే జ్వరమే.

"నాకేం కుళ్ళు కాదు గానీ" అన్నాడు మంచం మీంచి. అక్క కుర్చీ లాక్కుంది. "ఆ చివరి వరస నాకంటే వాడే బాగా పాడాడు." అంతే, ఇంకేమీ లేదు. అక్క కూర్చున్న కుర్చీలోంచి మళ్ళీ లేచింది. బావ దిండు కింది నుంచి నీలం కవరు తీసి బావమరిదికిచ్చాడు. ఈసారి ఆయన తిన్నగా పోస్టుడబ్బా దగ్గరికి వెళ్ళి, లోపల పడిన చప్పుడు చెవి పెట్టి విని మరీ వచ్చాడు.

వారంలో జవాబు వచ్చింది. కవరు నిండా పిండి. "నాకేం కుళ్ళు కాదు గానీ, మీ తాళం పాట పదకొండు నిమిషాలు దేనికి? తొమ్మిదో నిమిషానికే నా కళ్ళు తడిశాయి. మిగతా రెండు నిమిషాలూ తుడుచుకోవడానికా? ఇట్లు, ఇంకో శ్రోత." బావ దాన్ని మూడుసార్లు చదివాడు. తర్వాత మడిచి, "ఈ చెత్త తీసుకెళ్ళి డ్రమ్ములో పడెయ్" అన్నాడు.

ఏడాది తిరిగేసరికి డ్రమ్ములోంచి దిండు తీసెయ్యాల్సి వచ్చింది. నాదం మళ్ళీ పలికిందని పెద్దాయన కొత్త కలం కొన్నాడు.

ఆ వేసవిలోనే ఒక సాయంత్రం, తాళం పాట మొదలుపెట్టబోతూ బావ హాలు వైపు చూశాడు. పద్దెనిమిది మంది ఉన్నారు. పద్దెనిమిదో మనిషి మొదటి వరసలో, ముక్కు దాకా మఫ్లరు చుట్టుకుని, చెమటలు కక్కుతూ, చిన్న నోటుబుక్కు తెరుచుకుని కూర్చున్నాడు. చొక్కా మీద పిండి. ఈసారి బావ "తమరెవరు?" అని అడగలేదు. వెనక్కి వంగి, బావమరిది చెవి దగ్గర గొణిగాడు.

"నాకేం కుళ్ళు కాదు గానీ, వాడి మఫ్లరు నా మఫ్లరు కన్నా బాగుందిరా."